గింజతో పాటు గడ్డీ కావాలి: కరువు సీమకు రేకులకుంట చెప్పే పాఠం

అనంతపురం: జూన్ వస్తే ఆకాశం వంక చూడడం, ఆగస్టు వస్తే వాడుతున్న చేను వంక చూడడం, సంక్రాంతి దాటితే బెంగుళూరు బస్సు వంక చూడడం ఈ ప్రాంతపు మెట్ట రైతుకు తరతరాలుగా అలవాటైన బతుకు. కరువు ఇక్కడ ఎప్పుడో వచ్చిపోయే చుట్టం కాదు, ఇంట్లో మనిషే. అలాంటి నేల మీద సేద్యం చేయడం ఎలా, పశువును నిలుపుకోవడం ఎలా అన్న ప్రశ్నలకు సమాధానం వెదికే పని అర్ధ శతాబ్దానికి పైగా ఈ జిల్లా గడ్డ మీదనే జరుగుతున్నది.

అనంతపురం పట్టణానికి సమీపాన బుక్కరాయసముద్రం మండలంలో ఉన్న రేకులకుంట వ్యవసాయ పరిశోధన కేంద్రం గురించి జిల్లాలో వినని రైతు తక్కువ. దాని పని ఏమిటో స్పష్టంగా తెలిసినవారు కూడా తక్కువే. డెల్టాలో పరిశోధన కేంద్రమంటే ఎకరాకు మరో నాలుగు బస్తాలు ఎక్కువ పండించే మార్గం చెప్పేది. ఇక్కడి కేంద్రం ముందున్న ప్రశ్న వేరు. వాన తప్పిన ఏడు రైతు ఎంత తక్కువ నష్టపోతాడు? గింజ పోయినా ఎద్దుకు, ఆవుకు, గొర్రెకు పిడికెడు మేత ఎలా మిగులుతుంది? ఈ రెండు ప్రశ్నల్లో మొదటిదానికి పరిశోధకులు చాలా సమాధానాలు చెప్పారు. రెండవదానికి సమాధానం తెలిసి కూడా ఆచరణలో వెనుకబడి ఉన్నాం.

వాన లెక్క

పాత అనంతపురం జిల్లా సగటు వర్షపాతం ఏడాదికి 552 మిల్లీమీటర్లు. దేశంలో రాజస్థాన్ లోని జైసల్మేర్ తర్వాత అతి తక్కువ వాన కురిసే జిల్లా ఇదేనని చెప్పడం పరిపాటి. నైరుతి రుతుపవనాల వల్ల 338 మిల్లీమీటర్లు, ఈశాన్య రుతుపవనాల వల్ల 156 మిల్లీమీటర్లు వస్తాయి. మిగిలినది వేసవి జల్లులు. పడమటి కనుమల చాటున ఉండడం వల్ల నైరుతి మేఘం ఇక్కడికి చేరేసరికి తేమ చాలావరకు పోగొట్టుకుంటుంది. తూర్పు తీరానికి దూరంగా ఉండడం వల్ల తుపాను వానలు అరకొరగానే అందుతాయి. రెండు వైపులా ఉన్నట్టే ఉండి రెండు వైపులా లేని పరిస్థితి.

ఈ కాస్త వాన కూడా వరుసగా కురిస్తే రైతు గట్టెక్కుతాడు. మధ్యలో వచ్చే బెట్టతోనే చిక్కు. జిల్లాలో నాలుగింట మూడొంతులకు పైగా నేలలు ఎర్ర నేలలు. లోతు తక్కువ, అడుగున గరుసు. వాన పడిన తర్వాత ఎండ కాస్తే పైన పొర కట్టి గట్టిపడుతుంది. నల్లరేగడి మాదిరిగా నీటిని పట్టి ఉంచే శక్తి వీటికి లేదు. రెండు వారాలు చినుకు పడకపోతే చేను తల వాలుస్తుంది. అందువల్ల మొత్తం మీద సగటు వర్షం కురిసిన ఏడాదిలో కూడా పంట పోవడం ఇక్కడ వింత కాదు.

హగరి నుంచి అనంతపురానికి

మెట్ట సేద్యం మీద పరిశోధన దత్త మండలాలకు కొత్త కాదు. 1930వ దశకంలో అప్పటి ఇంపీరియల్ వ్యవసాయ పరిశోధన మండలి దేశంలో ఐదు చోట్ల మెట్ట సేద్య పరిశోధనలు జరిపించింది. షోలాపూర్, బీజాపూర్, రాయచూర్, రోహతక్ లతో పాటు ఐదవది బళ్లారి జిల్లాలోని హగరి. అనంతపురం జిల్లా 1882లో బళ్లారి నుంచే విడిపోయింది కనుక హగరి మనకు పొరుగు క్షేత్రమే. గట్లు వేయడం, లోతుగా దున్నడం, సాలుకూ సాలుకూ మధ్య దూరం పెంచడం వంటి పద్ధతులను అక్కడ పరీక్షించారు.

అయితే హగరి నేలలు నల్లరేగడి. అక్కడ నెగ్గిన పద్ధతి ఇక్కడి ఎర్ర గరుసులో అదే విధంగా నెగ్గదు. పైగా 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం ఏర్పడినప్పుడు బళ్లారి మైసూరు రాష్ట్రంలో చేరింది. దానితో హగరి కూడా పొరుగు రాష్ట్రానికి పోయింది. ఎర్ర నేలకు సొంత పరిశోధన అవసరమన్న సంగతి అప్పటికి బాగా తెలిసివచ్చింది. కెనడా సహాయంతో భారత వ్యవసాయ పరిశోధనా మండలి 1970లో అఖిల భారత సమన్వయ మెట్ట వ్యవసాయ పరిశోధన పథకాన్ని ప్రారంభించినప్పుడు అనంతపురం అందులో ఒక కేంద్రమయింది. 1964లో ఏర్పడిన ఆంధ్రప్రదేశ్ వ్యవసాయ విశ్వవిద్యాలయం కింద ఈ పని సాగింది. 1996లో ఆ విశ్వవిద్యాలయానికి ఆచార్య ఎన్.జి. రంగా పేరు పెట్టారు.

ఎప్పుడు విత్తాలి?

మెట్ట రైతుకు అన్నిటికన్నా పెద్ద ప్రశ్న ఇది. ఆరుద్ర కురిస్తే ఆరు కార్తెలు కురుస్తాయని పెద్దలు చెప్పిన మాట మీద నమ్మకంతో జూన్ లో పడిన తొలి పదునుకే గొర్రు కట్టేవారు చాలామంది. పరిశోధన కేంద్రం దశాబ్దాల వాన లెక్కలను ముందు పెట్టుకుని చూసింది. జిల్లాలో అత్యధిక వర్షం కురిసే నెల సెప్టెంబరు అని ఆ లెక్కలు చెబుతున్నాయి. నూరు రోజులకు పైబడిన వేరుశనగ పంటను జూన్ లో విత్తితే ఊడలు దిగి కాయ కట్టే సమయం జులై, ఆగస్టు బెట్టలో చిక్కుతుంది. కాయ పండే వేళకు సెప్టెంబరు ముసురు పట్టి చేలోనే మొలకెత్తే ప్రమాదం ఉంటుంది. జులైలో, అంటే పునర్వసు, పుష్యమి కార్తెల్లో విత్తితే గింజ నిండే సమయానికి సెప్టెంబరు వాన అందుతుంది. తొందరపడకుండా జులై పదును కోసం ఆగమని శాస్త్రజ్ఞులు చెప్పడంలో ఆంతర్యం ఇదే.

ఆగస్టు వచ్చినా పదును కాకపోతే వేరుశనగ ఆశ వదులుకోమని కూడా కేంద్రం స్పష్టంగా చెబుతున్నది. అప్పుడు విత్తవలసినవి జొన్న, సజ్జ, కొర్ర, అలసంద, పెసర. ఇంకా ఆలస్యమైతే ఉలవ. వీటికే ప్రత్యామ్నాయ పంటలని పేరు. ఇందులో ఖర్చు లెక్క కూడా ఉంది. ఎకరా వేరుశనగకు అరవై కిలోల దాకా విత్తనపు గింజలు కావాలి. ఎకరా కొర్రకు రెండు కిలోలు చాలు. వాన తప్పినప్పుడు వేరుశనగ రైతు పోగొట్టుకునేది రాబోయే పంటను మాత్రమే కాదు, చేతిలో ఉన్న పెట్టుబడిని కూడా. అప్పు చేసి తెచ్చిన విత్తనం మొలిచి మాడిపోతే ఆ అప్పు మరుసటి ఏడు దాకా మెడకు చుట్టుకునే ఉంటుంది. 1990వ దశకం చివరి నుంచి ఈ ప్రాంతంలో జరిగిన రైతు ఆత్మహత్యల వెనుక ఇలాంటి అప్పులు ఎన్నో ఉన్నాయి.

పదును రెండు మూడు రోజులకు మించి నిలవదు కనుక విత్తే వేగం కూడా ముఖ్యమే. ఎద్దుల గొర్రుతో రోజుకు కొద్ది ఎకరాలే అవుతుంది. ట్రాక్టరుకు తగిలించి ఒకేసారి పలు సాళ్లు విత్తే 'అనంత' ప్లాంటర్ ను ఈ కేంద్రం రూపొందించడానికి కారణం ఇదే.

పడిన చినుకు పొలంలోనే

రెండవ పాఠం నీటిది. ఎర్ర నేలలో వాన ఉధృతంగా పడితే నీరు ఇంకదు, మట్టిని కోసుకుని వంకలో పడుతుంది. వాలుకు అడ్డంగా దున్నడం, విత్తడం, కొన్ని సాళ్లకు ఒకటి చొప్పున తేమను పట్టే కాలువ తీయడం కేంద్రం సూచించే చవక పద్ధతులు. పొలం పల్లంలో సేద్యపు కుంట తవ్వుకుని అందులో చేరిన నీటిని బెట్ట సమయంలో ఒకటి రెండు తడులుగా ఇవ్వడం మరొకటి. ఎర్ర నేలలో కుంట తవ్వితే నీరు నిలవదని రైతులు వాపోయేవారు. ఆరు పాళ్ల మట్టికి ఒక పాలు సిమెంటు కలిపి కుంట లోపల పూత వేస్తే ఇంకుడు తగ్గుతుందని ఇక్కడి పరీక్షల్లో తేలింది. ఊడలు దిగేటప్పుడు, కాయ ఊరేటప్పుడు తుంపర్లతో పది మిల్లీమీటర్ల తడి ఇవ్వగలిగినా చేను తేరుకుంటుంది.

వేరుశనగలో ఏడు నుంచి పదకొండు సాళ్లకు ఒక సాలు కంది వేయమని చెప్పడం కూడా బెట్టకు విరుగుడే. వేరుశనగ వేరు పైపొరల్లో, కంది వేరు లోతున ఉంటుంది. ముందు వానలు తప్పితే వేరుశనగ దెబ్బ తింటుంది. అక్టోబరు వానలు అందితే కంది కాస్తుంది. రెండూ ఒకేసారి పోయే ప్రమాదం తక్కువ.

పొట్టుకు ఉన్న విలువ

ఈ కేంద్రం చేసిన పనుల్లో ఓపికకు మారుపేరుగా చెప్పదగినది 1985లో మొదలైన ఎరువుల ప్రయోగం. ఒకే చేలో మడులు చేసి ఏటా వేరుశనగే వేశారు. ఒక మడికి ఏమీ వేయలేదు. ఒక మడికి సిఫారసు చేసిన రసాయనిక ఎరువు పూర్తిగా వేశారు. మరొక మడికి అందులో సగం ఎరువు, దానితో పాటు హెక్టారుకు నాలుగు టన్నుల వేరుశనగ పొట్టు వేశారు. ఇంకొకదానికి పొట్టు బదులు పశువుల ఎరువు వేశారు. ఇరవై ఏళ్ల ఫలితాలు చూడగా ఏమీ వేయని నేలలో సత్తువ తరిగిపోయింది. సగం ఎరువుతో పొట్టు కలిపిన నేలలో సేంద్రియ కర్బనం బాగా నిలిచింది. అలాంటి నేల తేమను కూడా ఎక్కువ కాలం పట్టి ఉంచుతుంది.

ఇరవై ఏళ్లు ఒకే మడిని కనిపెట్టుకుని ఉండడం ఏ రైతుకూ సాధ్యం కాదు. ఆ పని పరిశోధన కేంద్రమే చేయాలి. కానీ ఆ ఫలితం ఊళ్లలో ఎంత ఆచరణలో ఉన్నదని అడిగితే జవాబు చెప్పడం కష్టం. కాయ మిల్లుకు పోతుంది. పొట్టు బట్టీలకూ బాయిలర్లకూ పోతుంది. కట్టె పశువు మేస్తుంది. నేలకు తిరిగి చేరేది ఏమీ లేదు. పశువే లేకపోతే పేడ కూడా లేదు.

కదిరి విత్తనాలు, 2000 నాటి దెబ్బ

విత్తనాల విషయంలో కదిరి వ్యవసాయ పరిశోధన కేంద్రం చేసిన సేవను ఇక్కడ చెప్పుకోక తప్పదు. 2022 ఏప్రిల్ లో జిల్లా విభజన జరిగాక కదిరి శ్రీ సత్యసాయి జిల్లాలో ఉంది. 1940లో తిండివనంలో విడుదలైన టి.ఎం.వి.-2 రకాన్నే జిల్లా రైతులు దశాబ్దాల తరబడి వేస్తూ వచ్చారు. 1978లో కదిరి-3, తర్వాత 2000వ దశకంలో కదిరి-6, బెట్టను కొంత తట్టుకునే కదిరి-9, ఇటీవల కదిరి లేపాక్షి రకాలు వచ్చాయి. కొత్త రకం విడుదల చేయడం ఒక ఎత్తు, దానిని చాలినంత విత్తనంగా పెంచి రైతుకు చేర్చడం మరొక ఎత్తు. వేరుశనగ విత్తనం జొన్న, కొర్రల మాదిరిగా ఒక్క ఏడాదిలో వందల రెట్లు పెరగదు. అందుకే మంచి రకానికి కూడా ఊళ్లకు చేరడానికి ఏళ్లు పడుతుంది.

పరిశోధన లేకపోతే ఏమవుతుందో 2000 సంవత్సరం ఖరీఫ్ చూపించింది. ఆ ఏడు వేరుశనగ చేలలో మొక్కల కాండం నల్లబడి కుళ్లి ఎండిపోయింది. దాదాపు 2 లక్షల 25 వేల హెక్టార్లలో పంట దెబ్బ తిన్నది. నష్టం 300 కోట్ల రూపాయలు దాటింది. కారణం ఏమిటో రైతుకు తెలియలేదు. ఇది టొబాకో స్ట్రీక్ అనే వైరస్ వల్ల వచ్చిన కాండం కుళ్లు తెగులు అని శాస్త్రజ్ఞులు తేల్చారు. బీళ్లలో పెరిగే వయ్యారిభామ కలుపు పుప్పొడిలో ఈ వైరస్ ఉంటుంది. తామర పురుగుల ద్వారా ఆ పుప్పొడి వేరుశనగ ఆకుల మీదకు చేరి తెగులును అంటిస్తుంది. విత్తన శుద్ధి చేయడం, పూత రాకముందే వయ్యారిభామను పీకివేయడం, చేను చుట్టూ నాలుగైదు సాళ్లు జొన్న గానీ సజ్జ గానీ అడ్డుగా వేయడం నివారణ మార్గాలుగా చెప్పారు.

ఇందులో గమనించవలసిన సంగతి మరొకటి ఉంది. గడ్డి పెరగవలసిన బీడును వయ్యారిభామకు వదిలేసినందువల్ల పక్కనున్న పంట చేను మూల్యం చెల్లించింది. చేనూ బీడూ వేర్వేరు కావు.

గడ్డి ఏమయింది?

ఒకప్పుడు ఈ సీమలో జొన్న, సజ్జ, కొర్ర, అరిక, ఉలవ కలిపి పండించేవారు. గింజ ఇంటికి, చొప్ప పశువుకు. మంద వచ్చి చేలో విడిది చేస్తే ఎరువు నేలకు. తర్వాత కాలంలో వేరుశనగకు ధర పలికింది. 1983లో రెండు రూపాయలకు కిలో బియ్యం వచ్చాక సంగటి ముద్ద తగ్గింది. 1986లో నూనెగింజల టెక్నాలజీ మిషన్ వచ్చాక వేరుశనగకు ఊతం దొరికింది. 1990, 2000 దశకాల్లో జిల్లాలో వేరుశనగ ఏడెనిమిది లక్షల హెక్టార్లకు పాకింది. దేశంలో మరే జిల్లాలోనూ ఇంత విస్తీర్ణం లేదు. జొన్న చేలే కాక మేత బీళ్లు కూడా దుక్కి కిందికి వచ్చాయి.

జొన్న చొప్ప పోయాక పశువుకు మిగిలింది వేరుశనగ కట్టె. ఇది మంచి మేతే, సందేహం లేదు. కానీ వాన తప్పితే కాయతో పాటు కట్టె కూడా పోతుంది. ఒకే పంట మీద గింజా మేతా రెండూ ఆధారపడినప్పుడు రెండూ ఒకే రోజున పోతాయి. కరువు ఏళ్లలో గడ్డి డిపోలు, పశు శిబిరాలు తెరవవలసి రావడానికి, సంతలో జత ఎద్దులు కారుచవకగా అమ్ముడుపోవడానికి మూలం ఇక్కడే ఉన్నది. రాష్ట్రంలో గొర్రెలు అత్యధికంగా ఉన్నది పాత అనంతపురం జిల్లాలోనే. పంట పోయిన ఇంటిని ఆదుకునేది ఆ జీవాలే. వాటికి మేత లేక కాపరులు మందలను తోలుకుని నెలల తరబడి పరాయి జిల్లాల్లో తిరుగుతున్నారు.

స్టైలో పాఠం

మేతకు కూడా శాస్త్రం దారి చూపకపోలేదు. ఝాన్సీలో 1962లో ఏర్పడిన భారత పచ్చిక, పశుగ్రాస పరిశోధన సంస్థ మెట్ట బీళ్లకు అనువైన గడ్డి జాతులను పరీక్షించింది. వాటిలో అంజన్ గడ్డి, స్టైలో ముఖ్యమైనవి. స్టైలో అమెరికా ఖండపు ఉష్ణ ప్రాంతాల నుంచి వచ్చిన పప్పుజాతి మొక్క. ఆస్ట్రేలియాలో పశువుల బీళ్ల కోసం దీనిని అభివృద్ధి చేశారు. ఎర్ర గరుసులో, తక్కువ వానలో పెరుగుతుంది. గాలిలోని నత్రజనిని వేళ్లలో నిలిపి నేలకు బలం ఇస్తుంది. విత్తనపు తోలు గట్టిది కనుక వేడి నీటిలో కొద్ది నిమిషాలు ఉంచి చల్లాలి. మొదటి ఏడు గింజ రాలేదాకా పశువును దూరంగా ఉంచితే తర్వాత దానంతట అదే మొలుస్తుంది.

విశేషమేమంటే దేశంలో స్టైలో విత్తనం పండించే ముఖ్య ప్రాంతాల్లో అనంతపురం జిల్లా ఒకటి. గింజ రాలిన తర్వాత చీపుళ్లతో నేల ఊడ్చి, మట్టి నుంచి చెరిగి విత్తనం తీయడం ఇక్కడి చిన్న రైతులు నేర్చుకున్న విద్య. ఈ విత్తనం ఇతర రాష్ట్రాల బీళ్లకు వెళుతుంది. మన ఊరి బీడులో మాత్రం వయ్యారిభామ పూస్తుంది. 1973-74 నుంచి కరువు పీడిత ప్రాంతాల పథకం, 1995 తర్వాత ఎడారి అభివృద్ధి పథకం ఈ జిల్లాలో అమలయ్యాయి. కట్టలు కట్టారు, మొక్కలు నాటారు. మేత బీడును ఎవరు కాపాడాలి, ఎవరు ఎప్పుడు మేపాలి అన్న కట్టుబాటు లేని చోట గడ్డి నిలవలేదు. కణేకల్, బొమ్మనహాల్ ప్రాంతాల్లో వేదవతి ఇసుక గాలికి లేచి పొలాల మీద మేటలు వేస్తున్న దృశ్యం చూసినవారికి నేల మీద పచ్చని కప్పు లేకపోతే ఏమవుతుందో వేరే చెప్పనక్కర లేదు.

చేయవలసినది

2005లో పశువైద్య విభాగాలు విడిపోయి తిరుపతిలో శ్రీ వేంకటేశ్వర పశువైద్య విశ్వవిద్యాలయం ఏర్పడింది. దాని వల్ల పశు విజ్ఞానానికి ప్రాధాన్యం పెరిగిన మాట నిజం. అయితే పంట ఒక విశ్వవిద్యాలయం కింద, పశువు మరొక విశ్వవిద్యాలయం కింద ఉన్నాయి. రైతు ఇంట్లో మాత్రం రెండూ ఒకే కొట్టంలో ఉన్నాయి. ఈ రెండు సంస్థలు ఒకే ఊళ్లో, ఒకే రైతు పొలంలో కలిసి ప్రయోగాలు జరపడం అవసరం.

ఒక రకాన్ని సిఫారసు చేసేటప్పుడు ఎకరాకు ఎన్ని బస్తాలు అన్న లెక్కతో పాటు ఎన్ని బండ్ల మేత అన్న లెక్క కూడా రైతుకు చెప్పాలి. కొర్ర, జొన్న మళ్లీ చేలోకి రావాలంటే విత్తనం ఇస్తే చాలదు, పండిన గింజకు ధర కూడా కావాలి. 2023ను ప్రపంచమంతా చిరుధాన్యాల సంవత్సరంగా జరుపుకున్నది. ఆ ఉత్సాహం ఇక్కడి మార్కెట్ యార్డు దాకా రావాలి. స్టైలో, అంజన్ విత్తనాన్ని తొలి వానకు ముందే గ్రామాలకు చేర్చి, ఊరికి కొంత బీడును కాపరుల సంఘాలకే అప్పగించి, మేపే వేళలను వారే నిర్ణయించుకునేటట్టు చేయాలి. రెడ్డిపల్లి కృషి విజ్ఞాన కేంద్రం, గ్రామాల్లోని రైతు సేవా కేంద్రాలు దీనికి వాహకాలుగా ఉపయోగపడగలవు.

2012లో జీడిపల్లి జలాశయానికి కృష్ణా నీరు వచ్చింది. బిందు సేద్యం కింద పండ్ల తోటలు పెరిగాయి. ఇవి సంతోషించదగిన మార్పులే. అయినా కాలువ అందని, బోరు పడని మెట్ట పొలాలు ఇంకా లక్షల ఎకరాలు ఉన్నాయి. ఆ పొలాలకు ఆకాశమే కాలువ. ఆ కాలువ ఎప్పుడు పారుతుందో, పారకపోతే ఏం చేయాలో చెప్పగలిగేది పరిశోధన కేంద్రమే. అది చెప్పిన మాట కంచె దాటి పొలం గట్టు మీదకు, అక్కడి నుంచి మేత బీడు మీదకు చేరినప్పుడే యాభై ఏళ్ల శ్రమకు తగిన ఫలం దక్కుతుంది. వచ్చే పుష్యమి కార్తెకు పదును అయినా కాకపోయినా, రైతు ఇంట గింజ డబ్బాతో పాటు గడ్డి వామి కూడా నిండే దారిని అధికారులు, శాస్త్రజ్ఞులు కలిసి చూపాలి.